కలిసి కోడింగ్ చేసే బృందానికి ఏ సాఫ్ట్‌వేర్? నెల్లూరు, ప్రకాశం జిల్లాల పరిశోధకుల కోసం ఒక పోలిక

అల్లూరు దగ్గర ఒక రొయ్యల రైతు ఇంటర్వ్యూలో ఈ మాట వచ్చింది: "నెల తిరిగేసరికి కౌంటు నూరు నుంచి అరవైకి వచ్చింది." మా బృందంలో ఇద్దరు ఆ ట్రాన్స్‌క్రిప్టుని, అంటే ఇంటర్వ్యూని రాసుకున్న ప్రతిని, విడివిడిగా కోడ్ చేశారు. కోడ్ అంటే ఒక వాక్యం దేని గురించో చెప్పేలా దానికి తగిలించే చిన్న పేరు. పొదిలి నుంచి వచ్చిన అమ్మాయి ఆ వాక్యానికి 'నష్టం' అని కోడ్ పెట్టింది. నూరు కాస్తా అరవై అయిందంటే తగ్గినట్టే కదా మరి. కొత్తపట్నం అబ్బాయి అదే వాక్యానికి 'ఎదుగుదల' అని పెట్టాడు. కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. నూరు తూగిన చోట అరవయ్యే తూగుతున్నాయంటే రొయ్య లావెక్కింది. రైతు సంతోషంగా చెప్పిన మాట అది.

ఆ అమ్మాయిది అజాగ్రత్త కాదు. పొదిలి వైపు పెరిగినవాళ్లకి బోరు ఎన్ని అడుగుల్లో పడిందన్న లెక్క తెలుస్తుంది గానీ రొయ్యల కౌంటు ఎలా తెలుస్తుంది? అదే ఒక పొగాకు రైతు "ఇయ్యాల మూడు బేళ్లు నో బిడ్ అయినాయి" అంటే ఆమెకి చప్పున అర్థమవుతుంది, వేలంలో ఆ బేళ్లని ఎవరూ పాడలేదని, రైతు వాటిని మళ్లీ ఇంటికి మోసుకెళ్లాడని. ఒక్కొక్కరికి ఒక్కో ఊరి మాట తెలుసు. నలుగురు కలిసి చేసే పరిశోధనకి బలం అక్కడే ఉంది. ఆ రెండు కోడ్లూ ఒకే తెర మీద పక్కపక్కన కనపడ్డాయి కాబట్టి మాకు తెలిసొచ్చింది. వేరువేరు ల్యాప్‌టాపుల్లో ఉండిపోయుంటే ఆ రైతు మా రిపోర్టులో నష్టపోయినవాడిగానే మిగిలిపోయేవాడు.

అందుకే ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలని స్కాలర్లు అడిగినప్పుడు నేను మొదట చూసేది ఒక్కటే. ఒకే మాటని ఇద్దరు రెండు రకాలుగా చదివితే ఆ తేడా మీకు కనపడుతుందా? కనపడితే దాని ముందు కూర్చుని మాట్లాడుకునే వీలుందా? రంగురంగుల చార్టులు, ఎక్కువసార్లు వచ్చిన మాటల్ని పెద్దగా చూపే వర్డ్ క్లౌడ్లు ఆ తర్వాతి సంగతి.

ఒక మాట ముందే చెప్పాలి. గణాంకాల సాఫ్ట్‌వేర్ అయిన ఎస్‌పీఎస్‌ఎస్‌లో అంకెలు పోసి బటన్ నొక్కితే పట్టిక వస్తుంది. మనుషుల మాటల్ని చదివి అర్థం వెతికే గుణాత్మక పరిశోధన సాఫ్ట్‌వేర్ అలా పనిచేయదు. ఏ వాక్యానికి ఏ కోడ్ పెట్టారో, ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో గుర్తుంచుకుని అడిగినప్పుడు తీసి చూపిస్తుంది. చదవాల్సింది, ఆలోచించాల్సింది మనమే. థీసిస్‌లో "ఫలానా సాఫ్ట్‌వేర్ ద్వారా విశ్లేషించబడింది" అని రాస్తే వైవాలో వచ్చే మొదటి ప్రశ్న "అందులో మీరేం చేశారు?" అన్నదే.

ముందు తెలుగు సంగతి

సాఫ్ట్‌వేర్ల పోలికలు చాలావరకు ఇంగ్లీషు ట్రాన్స్‌క్రిప్టుల్ని మనసులో పెట్టుకుని రాసినవే. మన ఇంటర్వ్యూలు తెలుగులో ఉంటాయి, అందులోనూ నెల్లూరు తెలుగు, ఒంగోలు తెలుగు. ఇక్కడ వచ్చే చిక్కులు వేరు.

మొదటిది ఫాంట్లు. పాత ట్రాన్స్‌క్రిప్టులు డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించినవైతే ఏ సాఫ్ట్‌వేర్‌లో వేసినా పిచ్చి గుర్తులే కనపడతాయి. అవి అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే యూనికోడ్ అక్షరాలు కావు, ఇంగ్లీషు అక్షరాలకి తెలుగు రూపం తొడిగినవి. ముందు యూనికోడ్‌లోకి మార్పించి, ఒత్తులు సరిగా వచ్చాయో లేదో ఒక మనిషి కూర్చుని చదవాలి. తెలుగు పీడీఎఫ్‌ల నుంచి మాటల్ని లాగినప్పుడు కూడా ఒత్తులు, గుడింతాలు చెదిరిపోవడం మామూలే. కాబట్టి ట్రాన్స్‌క్రిప్టుల్ని వర్డ్ ఫైల్‌గానో, ఉత్త టెక్స్ట్ ఫైల్‌గానో ఉంచుకోండి. పీడీఎఫ్‌గా మార్చి ఎక్కించకండి.

రెండోది రాత తీరు. ఒకరు 'నీళ్లు' అని రాస్తారు, ఇంకొకరు 'నీళ్ళు' అని. చదివేవాళ్లకి రెండూ ఒకటే. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అవి రెండు వేరే మాటలు. ఇద్దరి పని కలిపినప్పుడు 'నీళ్లు' కోడ్ ఒకటి, 'నీళ్ళు' కోడ్ ఒకటి పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి. ఇంతకంటే కనపడని చిక్కు ఇంకొకటుంది. 'వాట్సాప్‌లో' లాంటి మాట రాసేటప్పుడు పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారిపోకుండా కీబోర్డు మధ్యలో ఒక కనపడని గుర్తు పెడుతుంది. ఒకరి ఫోన్ ఆ గుర్తు పెడుతుంది, ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో అది ఉండకపోవచ్చు. అప్పుడు వెతికితే సగం చోట్లే దొరుకుతుంది, మిగతా సగం ఎందుకు రాలేదో ఎవరికీ అంతుపట్టదు. అందుకని బృందమంతా ఒకే కీబోర్డు వాడటం, ఏ మాట ఎలా రాయాలో ఒక పేజీ రాసి గోడకి అంటించుకోవడం ఏ సాఫ్ట్‌వేర్ కొనడం కంటే ముందు చేయాల్సిన పని.

మూడోది, పదాల లెక్క. పెద్ద సాఫ్ట్‌వేర్లన్నింటిలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే సౌకర్యం ఉంది. ఇంగ్లీషులో అది కొంత పనికొస్తుంది. తెలుగులో గుంట, గుంటలో, గుంటకి, గుంటల్లోంచి, గుంటమీదికి అన్నీ వేరువేరు మాటలుగా లెక్కకొస్తాయి. పైగా మన వైపు 'గుంట' అంటే రొయ్యల గుంట, 'చెరువు' అంటే పొలాలకి నీళ్లిచ్చే చెరువు. కోస్తాలో వేరేచోట రొయ్యల్ని పెంచేదాన్నీ చెరువనే అంటారు. ఈ తేడా ఏ లెక్కకీ అందదు. కాబట్టి వర్డ్ క్లౌడ్ చూసి సాఫ్ట్‌వేర్‌ని ఎంచుకోకండి.

ఇక కోడ్లు ఏ భాషలో పెట్టాలి? యూనివర్సిటీకి ఇంగ్లీషులో ఇవ్వాలి కాబట్టి మొదటి నుంచీ ఇంగ్లీషులో పెట్టేద్దామంటారు చాలామంది. నేను ఒప్పుకోను. నెల్లూరు రైతు "పుట్టికి ఇంత తరుగు తీశారు" అంటాడు. ఇక్కడ పుట్టి అంటే 850 కిలోలు. దాన్ని ట్రాన్స్‌క్రిప్టులో 'టన్ను'కి దగ్గరగా మార్చేస్తే, ఆ తరుగు మీద అతనికున్న కోపానికి ఆధారమే పోతుంది. సారా సంగతి చూడండి. 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్లింది. ఆ తరం ఆడవాళ్లతో ఈ రోజు కూర్చుని మాట్లాడితే సారా, బ్రాందీ షాపు, బెల్టు షాపు అన్న మూడు మాటలు మూడు కాలాల్ని చెబుతాయి. 'ఆల్కహాల్' అని ఒక్క కోడ్ పెడితే ఆ మూడు కాలాలూ ఒకదాంట్లో కలిసిపోతాయి. కోడ్ పేరు తెలుగులో, వాళ్ల మాటలోనే ఉండనివ్వండి. ఇంగ్లీషు అర్థం కోడ్ కింద వివరణలో రాయండి. నేను కింద చెప్పే సాఫ్ట్‌వేర్లన్నీ యూనికోడ్ తెలుగుని తీసుకుంటాయి, కోడ్ పేర్లు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు.

మీరు కలిసి పనిచేసేది ఎలా?

సాఫ్ట్‌వేర్ పేర్లలోకి వెళ్లే ముందు ఇది తేల్చుకోవాలి. ఒకే ప్రాజెక్టుని అందరూ ఒకే సమయంలో తెరిచి కోడింగ్ చేయడం ఒక పద్ధతి. దీనికి ఇంటర్నెట్ ఆగకుండా ఉండాలి. ఎవరి కాపీ వాళ్లు తీసుకుని పనిచేసి, వారానికోసారి ఒకరు అన్నీ కలపడం రెండోది. దీనికి నెట్ అక్కర్లేదు గానీ కలిపే మనిషి గట్టివాడై ఉండాలి. ఒకరి తర్వాత ఒకరు అదే ఫైల్ మీద పనిచేయడం మూడోది. నెమ్మది, కానీ ఇద్దరే ఉంటే ఇదే సుఖం.

కలపడం అన్నది చెప్పినంత తేలిక కాదు. మేం మొదటిసారి చేసినప్పుడు ల్యాబులో ఉన్న రెండు కంప్యూటర్ల మీద నలుగురం వంతులవారీగా కోడింగ్ చేశాం. సాఫ్ట్‌వేర్ తెరవగానే పేరు, పొడి అక్షరాలు అడుగుతుంది. ఆ పెట్టెలో అప్పటికే 'అడ్మిన్' అని ఉంది. ఎవరూ మార్చలేదు. మూడు వారాల తర్వాత కలిపి చూస్తే మొత్తం కోడింగ్ అంతా 'అడ్మిన్' అనే ఒక్క మనిషి చేసినట్టు వచ్చింది. ఎవరు ఏ వాక్యాన్ని ఎలా చదివారో తెలుసుకునే దారి లేదు. ఆ ట్రాన్స్‌క్రిప్టులన్నీ మళ్లీ మొదటి నుంచి చేశాం. ఈ తప్పు మీరు చేయొద్దు: మొదటి రోజే ప్రతి ఒక్కరూ తమ పేరుతో లోపలికి వెళ్తున్నారో లేదో ఒకరు నిలబడి చూడాలి.

ఇంకో రెండు జాగ్రత్తలు. కోడింగ్ మొదలయ్యాక ట్రాన్స్‌క్రిప్టులో అచ్చుతప్పులు దిద్దొద్దు. ఒక కాపీలో దిద్ది ఇంకో కాపీలో దిద్దకపోతే, కలిపేటప్పుడు సాఫ్ట్‌వేర్ వాటిని రెండు వేరే ఇంటర్వ్యూలుగా చూస్తుంది. రెండోది, ప్రాజెక్టు ఫైల్‌ని గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటి సింక్ అయ్యే ఫోల్డర్‌లో పెట్టి అక్కడి నుంచే తెరవొద్దు. ఫైల్ చెడిపోయే ప్రమాదం ఉంది. ల్యాప్‌టాప్‌లో పనిచేసి, పని ముగిశాక మూసేసి, కాపీని డ్రైవ్‌లో పెట్టండి.

డబ్బు లేకుండా చేసేవి

గూగుల్ షీట్‌ని చిన్నచూపు చూడకండి. వరస నంబరు, మాట్లాడింది ఎవరు, మాట, కోడ్, కోడ్ పెట్టింది ఎవరు, ఎందుకు అన్న ఆరు నిలువు గడులు చాలు. ముగ్గురికి ముగ్గురూ ఒకేసారి తెరవొచ్చు. ఎప్పుడు ఏం మార్చారో పాత వెర్షన్లన్నీ ఉంటాయి. పది, పన్నెండు ఇంటర్వ్యూల దాకా ఇది చక్కగా నడుస్తుంది. ముఖ్యంగా ఒక్కో వరసలో ఒక్కో మనిషిని, ఒక్కో నిలువు గడిలో ఒక్కో విషయాన్ని పెట్టి సారాంశం రాసుకునే ఫ్రేమ్‌వర్క్ పద్ధతికి షీట్ కంటే సులువైనది లేదు. ఒకే వాక్యానికి నాలుగు కోడ్లు పెట్టాల్సి వచ్చినప్పుడు, ఇంటర్వ్యూలు ఇరవై దాటినప్పుడు చేయి తిరగడం కష్టమవుతుంది.

టాగెట్ అనేది ఓపెన్ సోర్సు. ఉచితం. వాక్యాన్ని ఎంచుకుని కోడ్ తగిలించడం, కోడ్ వారీగా బయటికి తీయడం, అంతే. అర పూటలో నేర్చుకోవచ్చు. సొంత ల్యాప్‌టాప్‌లో పెట్టుకుంటే ఒక్కరి పనికి సరిపోతుంది, సర్వర్ మీద అయితే బృందమంతా ఒకే ప్రాజెక్టులో ఒకేసారి పనిచేయొచ్చు. మెమోలు, అంటే కోడింగ్ చేస్తూ మనం రాసుకునే ఆలోచనలు, వేరే ఫైల్‌లో రాసుకోవాలి. ఫోటోలు, ఆడియో తీసుకోదు. ఇద్దరి కోడింగ్‌ని పోల్చి లెక్కకట్టే వీలు లేదు. అంటే నేను మొదట్లో చెప్పిన కౌంటు లాంటి తేడా దీనంతట ఇది చూపించదు. మీరే ఒక పద్ధతి పెట్టుకోవాలి: ఇద్దరూ ఒకే ట్రాన్స్‌క్రిప్టుని రెండు వేరే ప్రాజెక్టుల్లో కోడ్ చేసి, రెండింటినీ ఎక్సెల్‌లోకి తీసి పక్కపక్కన పెట్టుకోవడం. పని పడుతుంది, కానీ అవుతుంది.

క్వాల్‌కోడర్ కూడా ఓపెన్ సోర్సే. పైథాన్‌లో రాసినది. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటి మీదా నడుస్తుంది. టెక్స్ట్‌తో పాటు ఫోటోలు, ఆడియో, వీడియో కూడా కోడ్ చేయొచ్చు. మన పనికి దీంట్లో నచ్చేది, కోడర్ పేరు మార్చుకుంటే ఎవరి కోడింగ్ వాళ్ల పేరు మీద విడిగా నిలబడుతుంది, తర్వాత ఇద్దరినీ పోల్చిన రిపోర్టు తీసుకోవచ్చు. డబ్బు పెట్టకుండా ఈ సౌకర్యం దొరకడం చిన్న విషయం కాదు. చూడటానికి మాత్రం అంత నునుపుగా ఉండదు. మొదటిసారి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కంప్యూటర్ తెలిసినవాళ్లు ఒకరు పక్కనుంటే మేలు. అందరూ ఒకేసారి పనిచేయడానికి కట్టింది కాదిది, వంతులవారీ పనికి బాగుంటుంది.

పాత పుస్తకాల్లో ఆర్‌క్యూడీఏ పేరు కనపడుతుంది. ఆర్ అనే గణాంకాల ప్రోగ్రాము వాడేవాళ్లు దాని వెంట పడుతుంటారు. అది ఆధారపడిన పాత ప్యాకేజీలకి నిర్వహణ ఆగిపోయింది, ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాని జోలికి వెళ్లొద్దు.

డబ్బు పెట్టి కొనేవి

ఎన్‌వివో పేరు అందరికీ తెలుసు. ఆస్ట్రేలియాలో లిన్ రిచర్డ్స్, టామ్ రిచర్డ్స్ 1980ల్లో తయారుచేసిన ప్రోగ్రాము నుంచి పుట్టింది, 1999లో ఎన్‌వివో పేరుతో వచ్చింది. మన దేశంలో వర్క్‌షాపులు ఎక్కువగా దీని మీదే జరుగుతాయి కాబట్టి అడిగి నేర్చుకోవడానికి మనుషులు దొరుకుతారు. ఇది పెద్ద లాభం, కాదనను. కానీ బృందానికి వచ్చేసరికి రెండు చిక్కులు. విండోస్ వెర్షన్, మ్యాక్ వెర్షన్ ఒకటి కావు. ఒకదాంట్లో ఉన్న సౌకర్యాలన్నీ రెండోదాంట్లో ఉండవు, ఫైళ్లు ఇటు నుంచి అటు తేలిగ్గా పోవు. మీ గైడ్‌గారి దగ్గర మ్యాక్, మీ దగ్గర విండోస్ ఉంటే కొనేముందు పదిసార్లు ఆలోచించండి. రెండోది, అందరూ ఒకేసారి పనిచేయాలంటే దానికి అదనంగా కొనాలి. లేకపోతే కాపీలు తీసుకుని కలుపుకోవడమే.

మ్యాక్స్‌క్యూడీఏ జర్మనీ నుంచి వచ్చింది. ఉడో కుకార్ట్జ్ 1989లో మొదటి వెర్షన్ తెచ్చారు. విండోస్, మ్యాక్ రెండింట్లో ఒకే ఫైల్ తెరుచుకుంటుంది, రెండింట్లో ఒకే సౌకర్యాలుంటాయి. ఒకరు తమ కోడింగ్‌ని మాత్రం చిన్న ఫైల్‌గా తీసి పంపితే ఇంకొకరు దాన్ని తమ ప్రాజెక్టులోకి తెచ్చుకోవచ్చు. ఉదయగిరి వైపు ఫీల్డులో ఉండి నెట్ అందని రోజుల్లో పనిచేసి, కావలి వచ్చాక పంపడానికి ఇది అనువుగా ఉంటుంది. టీమ్‌క్లౌడ్ అని ఒక సౌకర్యం ఉంది, కాపీలు పంచడం, తిరిగి కలపడం దాంట్లో సులువవుతుంది గానీ అందరూ ఒకేసారి ఒకే ఫైల్‌లో ఉండటం మాత్రం కాదు. గ్రాంటు ఉండి, నెట్ మీద నమ్మకం లేని బృందానికి నేనైతే దీన్నే చెబుతాను.

అట్లాస్ టీఐ బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మొదలై 1993లో మార్కెట్లోకి వచ్చింది. దీనికి కంప్యూటర్‌లో పెట్టుకునే వెర్షన్లతో పాటు బ్రౌజర్‌లో తెరుచుకునే వెర్షన్ ఉంది. ఆ బ్రౌజర్ వెర్షన్‌లో నలుగురూ నాలుగు ఊళ్ల నుంచి ఒకేసారి కోడింగ్ చేయొచ్చు. డెస్క్‌టాప్‌లో ఉన్నవన్నీ అందులో ఉండవు, కానీ కోడింగ్‌కి కావాల్సినవి ఉంటాయి. ఎన్‌వివో, అట్లాస్ టీఐ రెండూ ఇప్పుడు లుమివెరో అనే ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయి. లైసెన్సు మాట్లాడేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకుని రెండింటి ధరా ఒకేసారి అడగండి.

డెడూస్ పూర్తిగా ఇంటర్నెట్ మీదే నడుస్తుంది. నెలవారీ చందా, వాడని నెలకి కట్టక్కర్లేదు. వేసవిలో రెండు నెలలు కోడింగ్ చేసి, కాలేజీ తెరిచాక ఆపేసేవాళ్లకి ఇది లెక్కకి బాగా కుదురుతుంది. కొత్తగా చేరినవాళ్లకి పరీక్షలాగా కోడింగ్ చేయించి మన కోడింగ్‌తో పోల్చి చూసే ఏర్పాటు దీంట్లో ఉంది, బృందాలకి అది మంచి సాధనం. అయితే 2014 మేలో దీని సర్వర్లు కూలినప్పుడు కొందరు పరిశోధకుల వారాల పని పోయింది. క్లౌడ్ ఏదైనా సరే, ప్రతి శుక్రవారం సాయంత్రం మొత్తం బయటికి తీసి సొంత హార్డ్‌డిస్కులో పెట్టుకోండి.

వీటన్నింటికీ విద్యార్థి ధర వేరు, సంస్థ ధర వేరు, అదీ మారుతూ ఉంటుంది. గ్రాంటు ప్రపోజల్‌లో రాసేముందు కొటేషన్ తెప్పించుకోండి. లైసెన్సు ఎన్ని నెలలకో కూడా చూడండి. ఏడాది లైసెన్సుతో మూడేళ్ల పీహెచ్‌డీ మొదలుపెట్టి, చివరి చాప్టర్ రాసేటప్పుడు ఫైల్ తెరుచుకోక తిప్పలుపడ్డవాళ్లని చూశాను.

ఆ ఇబ్బంది రాకుండా ఒక దారి ఉంది. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదాంట్లోకి ప్రాజెక్టుని మోసుకెళ్లడానికి రెఫి క్యూడీఏ అనే ఉమ్మడి ఫైల్ పద్ధతి 2019 నుంచి ఉంది. ఎన్‌వివో, మ్యాక్స్‌క్యూడీఏ, అట్లాస్ టీఐ, డెడూస్, క్వాల్‌కోడర్ దాన్ని అర్థం చేసుకుంటాయి. టాగెట్ నుంచి కోడ్‌బుక్‌ని, అంటే కోడ్లు, వాటి వివరణల పట్టికని, ఆ పద్ధతిలో తీసుకోవచ్చు. అన్నీ నూటికి నూరుపాళ్లు రావు, చార్టులు, బొమ్మలు పోతాయి. కోడ్లు, కోడ్ చేసిన వాక్యాలు, మెమోలు వస్తాయి, మనకి కావాల్సింది అవే.

కప్పా లెక్క ఎవరికి కావాలి?

ఇద్దరి కోడింగ్ ఎంత కలిసిందో చెప్పే అంకె కోహెన్ కప్పా. జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చిన లెక్క. ఉదాహరణకి వంద పేరాల్లో 'అప్పు' అనే కోడ్ చూద్దాం. ఇద్దరూ ఉందన్నవి 20, ఇద్దరూ లేదన్నవి 65, మొదటివారు మాత్రమే ఉందన్నవి 10, రెండోవారు మాత్రమే అన్నవి 5. వందకి 85 కలిశాయి, బ్రహ్మాండం అనిపిస్తుంది. కానీ మొదటివారు మొత్తం 30 చోట్ల, రెండోవారు 25 చోట్ల పెట్టారు. కళ్లు మూసుకుని పెట్టినా అలా 60 కలుస్తాయి. ఆ 60 తీసేసి, మిగిలిన 40లో కలిసినవి 25. కప్పా 0.625. పర్వాలేదు, గొప్పగా లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఎన్‌వివో ఈ లెక్కని అక్షరాల మీద కడుతుంది. ఒకరు వాక్యం మొత్తాన్ని, ఇంకొకరు అందులో మూడు మాటల్ని ఎంచుకుంటే, ఇద్దరి అర్థం ఒకటే అయినా కప్పా పడిపోతుంది. కాబట్టి పేరా మొత్తమా, వాక్యమా అన్నది ముందే అనుకోవాలి. అట్లాస్ టీఐలో క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫా అనే వేరే కొలత ఉంది, ఇద్దరికి మించిన బృందాలకి అది నయం.

అసలు ఈ అంకె అందరికీ అక్కర్లేదు. బ్రాన్, క్లార్క్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో చెప్పి, తర్వాత మరింత వివరించిన థీమాటిక్ విశ్లేషణ (మాటల్లోంచి ముఖ్యమైన అంశాల్ని ఏరడం) పద్ధతిలో వెళ్తున్నామని రాసి, కింద కప్పా 0.82 అని గర్వంగా పెట్టే థీసిస్‌లు చూస్తుంటాం. ఆ పద్ధతిలో పరిశోధకుడి చూపే పనిముట్టు, ఇద్దరూ ఒకేలా చూడాలన్న నియమం అందులో లేదు. కప్పా పెట్టొద్దని వాళ్లే చెప్పారు. అదే ముందే రాసుకున్న కోడ్‌బుక్‌తో ఆరుగురు కలిసి నూట యాభై ఇంటర్వ్యూలు చేస్తుంటే కప్పా లేకుండా కుదరదు. మీ పద్ధతి ఏదో తేల్చుకుంటే సాఫ్ట్‌వేర్ ఎంపిక సగం తేలిపోతుంది.

కప్పా తక్కువొచ్చిందని కంగారుపడి, పెద్దవాళ్లు చెప్పినట్టు చిన్నవాళ్లు కోడ్లు మార్చేయడం మన దగ్గర ఎక్కువ. గైడ్‌గారు ఒకటంటే స్కాలర్ కాదనలేరు. నా అనుభవంలో తేడా వచ్చిన చోటే అసలు సంగతి దొరుకుతుంది. కౌంటు విషయంలో బృందంలో అందరికంటే చిన్నవాడు చెప్పింది సరైనది.

గోప్యత గురించి కొంచెం

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. ఆరోగ్య పరిశోధన అయితే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ఉండనే ఉన్నాయి. క్లౌడ్‌లో పెట్టేటట్టయితే ఆ మాట అంగీకార పత్రంలో తెలుగులో రాసి చదివి వినిపించాలి. పేరు తీసేస్తే సరిపోదు. పొగాకు కాల్చే బ్యారన్లు మూడే ఉన్న ఊళ్లో "రెండో బ్యారన్ రైతు" అంటే ఊరంతటికీ తెలిసిపోతుంది. కులం పేరు, అప్పిచ్చినవాడి పేరు, ఆధార్ నంబరు ట్రాన్స్‌క్రిప్టులోకి రానీయకండి. ఇప్పుడు పెద్ద సాఫ్ట్‌వేర్లన్నింటిలో ఏఐ బటన్లు వచ్చాయి. అవి నొక్కితే ఆ మాటలు బయటి సర్వర్లకి వెళ్తాయి. అంగీకార పత్రంలో ఆ సంగతి లేకపోతే నొక్కొద్దు.

ఎవరికి ఏది?

కావలిలోనో ఒంగోలులోనో ఇద్దరు పీజీ విద్యార్థులు పది ఇంటర్వ్యూలతో డిసర్టేషన్ చేస్తుంటే గూగుల్ షీట్ చాలు, లేదంటే టాగెట్. కాకుటూరు యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ, కోడింగ్ ఒక్కరే చేసి గైడ్‌గారికి చూపించుకునేవాళ్లకి క్వాల్‌కోడర్. యూనివర్సిటీ లైసెన్సు అప్పటికే ఉంటే ఎన్‌వివో వాడుకోండి, సొంత డబ్బు పెట్టి కొనొద్దు. గైడ్‌గారిని సాఫ్ట్‌వేర్ నేర్చుకోమనకండి, కోడ్ వారీగా రిపోర్టు తీసి కాగితం మీద ఇవ్వండి, పెన్నుతో రాసిచ్చింది మీరు లోపల ఎక్కించుకోండి. గ్రాంటుతో నలుగురైదుగురు వేరువేరు ఊళ్లలో ఉంటే, నెట్ బాగుంటే అట్లాస్ టీఐ బ్రౌజర్ వెర్షన్, నెట్ బాగోకపోతే మ్యాక్స్‌క్యూడీఏ. రెండు మూడు నెలల్లో ముగిసే పని అయితే డెడూస్. ఊళ్లలో తీసిన ఫోటోలు, సంఘం మీటింగుల వీడియోలు ఎక్కువగా ఉన్న స్వచ్ఛంద సంస్థకి క్వాల్‌కోడర్‌తో మొదలుపెట్టమంటాను. డబ్బు జీతాలకి మిగుల్తుంది.

ఏది అనుకున్నా, కొనే ముందు ఒక పూట పరీక్ష పెట్టండి. మీ దగ్గరున్న వాటిలో బాగా యాస ఉన్న ఇంటర్వ్యూ ఒకటి, పది పేజీలు మించనిది తీసుకోండి. బృందంలో ఇద్దరు ఎవరి పేరుతో వాళ్లు లోపలికి వెళ్లి విడిగా కోడ్ చేయాలి. కలపాలి. 'నీళ్లు' అని వెతికి ఎన్ని వచ్చాయో చూసి, కాగితం మీద చేత్తో లెక్కపెట్టిన దాంతో సరిపోల్చాలి. ఇద్దరూ తేడాగా కోడ్ చేసిన వాక్యాల్ని తెర మీదకి తీయాలి. చివరగా మొత్తాన్ని ఎక్సెల్‌లోకి తీసి తెలుగు చెదరలేదని చూడాలి. ట్రయల్ వెర్షన్‌లో ఈ అయిదూ చేయలేకపోతే దాన్ని పక్కన పెట్టేయండి.

ఈ పరీక్ష మార్చి నెలాఖరులోపే ముగించుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. జువ్వలదిన్నె నుంచి కొత్తపట్నం దాకా మత్స్యకారులు ఇంటిపట్టున ఉండి తీరిగ్గా మాట్లాడే రెండు నెలలు అవే. పొగాకు వేలాలూ ఆ ఎండల్లోనే సాగుతాయి. అప్పుడు రికార్డింగులు రోజుకి నాలుగైదు వచ్చిపడతాయి, ఫైళ్లు ఎలా కలపాలని కొట్టుకోవడానికి ఎవరికీ తీరిక ఉండదు.